ముందు నేలమట్టం, తర్వాతే పిట్టగోడ: ఒక ఇంటి మరమ్మతు కేస్ స్టడీ

ఈ ఇంటివాళ్లు మరమ్మతు కోసం నా దగ్గరికి రాసుకొచ్చిన జాబితాలో మొదటి వాక్యం: "హాలుకీ భోజనాల గదికీ మధ్య ఉన్న పిట్టగోడ తీసేయాలి." రెండోది, నేలంతా ఒకే చెక్క, ఒకే రంగులో కనిపించాలని. మూడోది చిట్టచివర మాటవరసకు చేర్చినట్లుంది: "హాలు రెండు మెట్లు కిందికి ఉంది, వీలైతే సమం చేయాలి." పని ముగిసేసరికి ఈ వరుస పూర్తిగా తిరగబడింది. నేలమట్టం సంగతి తేలాకే పిట్టగోడ గురించి సరైన ప్రశ్న అడగగలిగాం. ఆ రెండూ తేలాకే చెక్క మెరుగు మాట ఎత్తగలిగాం. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, దేన్ని ఎందుకు వదిలేశామో కొలతలతో సహా రాస్తున్నాను.

ఇల్లు

ఒకే అంతస్తు. పైకప్పు అంతా ఒకే ఎత్తులో ఉంది, నేల మాత్రం రెండు మట్టాల్లో ఉంది. వీధి గుమ్మం, భోజనాల గది, వంటగది, పడకగదులు పై మట్టంలో ఉన్నాయి. 5.4 మీటర్ల పొడవు, 4.2 మీటర్ల వెడల్పు ఉన్న హాలు ఒక్కటే 300 మి.మీ. పల్లంలో ఉంది. అంటే 150 మి.మీ. చొప్పున రెండు మెట్లు. రెండు గదుల మధ్య అంచు మీద 3 మీటర్ల పొడవున 115 మి.మీ. మందం ఇటుక పిట్టగోడ, మిగిలిన 1.2 మీటర్లలో మెట్ల దారి. హాలు అవతలి గోడకు ఒక పెద్ద కిటికీ, పెరట్లోకి ఒక తలుపు ఉన్నాయి. హాల్లో పాత టైల్స్, భోజనాల గదిలో పాత టేకు చెక్క నేల.

ఇంట్లో భార్యాభర్తలు, నాలుగేళ్ల పాప, ఆయన తల్లి ఉంటారు. పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. పెరట్లోకి వెళ్లాలంటే హాలు గుండానే వెళ్లాలి.

మట్టం నిర్ణయం

కొలతలు తీసుకుంటున్నప్పుడు పెద్దావిడ ఆ మెట్లు దిగడం గమనించాను. పిట్టగోడ చివర చేయి ఆనించి, కాస్త పక్కకు తిరిగి, నొప్పి ఉన్న కాలిని ముందు దించి, రెండో కాలిని దాని పక్కకు చేర్చుకుంటూ దిగారు. తీసేయమని జాబితాలో మొదట రాసిన గోడే ఆమెకు చేతి ఆసరా. ఇంట్లో రోజూ చూసే దృశ్యం కావడంతో ఎవరి దృష్టికీ అది రాలేదు. గోడను ఆ రోజే కూల్చడం మొదలుపెట్టి ఉంటే, మెట్లు అలాగే ఉండి ఆసరా మాత్రం పోయేది.

ఒకటి రెండు మెట్లు పూర్తి మెట్ల వరుసకన్నా ప్రమాదకరం. మెట్ల వరుస దూరం నుంచే కనబడుతుంది, శరీరం ముందే సిద్ధమవుతుంది. గది మధ్యలో ఉన్న చిన్న దిగుడును కన్ను లెక్కచేయదు. పైనా కిందా ఒకే రంగు చెక్క పరిస్తే ఆ అంచు ఇంకా మాయమవుతుంది. జాబితాలోని రెండో కోరిక, మెట్లు ఉన్నంతకాలం, ఈ ప్రమాదాన్ని పెంచేదే. మెట్లు ఉంచాల్సి వస్తే అంచు పట్టీ స్పష్టంగా వేరే రంగులో ఉండాలని, రెండు పక్కలా చేతిపట్టు ఉండాలని ముందే చెప్పాను.

గుత్తేదారు ఒక మధ్యేమార్గం చెప్పాడు: సగం ఎత్తు, అంటే 150 మి.మీ. మాత్రమే లేపి ఒక్క మెట్టు ఉంచుదామని. ఖర్చు తగ్గుతుంది, కిటికీ, తలుపు జోలికి పెద్దగా పోనక్కర్లేదు. నేను గట్టిగా వద్దన్నాను. పరిశీలించిన అన్ని మార్గాల్లో ఇదే అధమం. ఒక్క మెట్టు రెండు మెట్లకన్నా తక్కువగా కనబడుతుంది, పైగా పెద్దావిడకు అడ్డంకి అలాగే ఉంటుంది.

లోపల వాలుదారి కట్టడం గురించీ ఆలోచించాం. చక్రాల కుర్చీ పోగలిగే వాలు 1:12 అని అనేక దేశాల నియమావళులు చెబుతాయి. 300 మి.మీ. ఎత్తుకు అది 3.6 మీటర్ల పొడవు అవుతుంది. కింద తిరగడానికి 1.5 మీటర్ల చదును కలిపితే 5.1 మీటర్లు. గది పొడవే 5.4. హాలులో ఒక పక్క మొత్తం నడవగా మారిపోతుంది.

ఇంటాయనకు పల్లపు హాలు మీద మమకారం ఉంది. ఆ మమకారం అర్థంలేనిదేమీ కాదు. వాస్తుశిల్పి ఈరో సారినెన్ రూపకల్పనతో 1957లో అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్‌లో పూర్తయిన మిల్లర్ హౌస్‌లో హాలు మధ్య చతురస్రపు పల్లం ఉంది. దాని చుట్టూ సోఫాలే గోడలు. చూడముచ్చటైన ఏర్పాటు. అయితే అక్కడ ఆ పల్లంలోకి కూర్చోవడానికే దిగుతారు. ఈ ఇంట్లో హాలు పెరట్లోకి దారి కూడా. దారిలో ఉన్న పల్లాన్ని రోజుకు పదిసార్లు దిగి ఎక్కాలి. ఈ తేడా చెప్పాక ఆయన ఒప్పుకున్నారు. హాలును పూర్తిగా 300 మి.మీ. లేపాలని నిర్ణయించాం.

లేపితే ఏవేవి కదులుతాయి

నేల లేచినప్పుడు గోడలోని ప్రతి వస్తువూ ఆ మేరకు కిందికి దిగినట్లే. పైకప్పు 3.3 మీటర్ల నుంచి 3.0కు వచ్చింది, మిగతా గదులతో సమానం కనుక చిక్కులేదు. పాత నేలకు 300 మి.మీ. పైన ఉన్న ప్లగ్గులు సరిగ్గా కొత్త నేల గీత మీదకు వస్తాయి, వాటిని పైకి మార్చాం.

కిటికీ అడుగు గట్టు 750 నుంచి 450 మి.మీ.కు దిగింది. 450 అంటే కుర్చీ ఎత్తు. పాప ఎక్కడం ఖాయం. బయట పెరడు పాత హాలు నేలకన్నా మరో 150 మి.మీ. కింద ఉంది, అంటే గట్టు నుంచి దాదాపు 900 మి.మీ. దిగుడు. కాబట్టి కిటికీ కింది భాగాన్ని తెరుచుకోని పలకగా మార్చి, పగిలినా ముక్కలు రాలని లామినేటెడ్ గాజు వేయించాం. తెరుచుకునే రెక్కలన్నీ పైన. ఈ మార్పుతో ఆ గట్టు వెడల్పాటి కూర్చునే చోటుగా కూడా ఉపయోగపడింది. దీన్ని మేం ముందుగా అనుకోలేదు, కొలతలే చూపించాయి.

పెరటి తలుపు అసలు కష్టం. 2.1 మీటర్ల తలుపు 1.8 అవుతుంది, పొడుగు మనిషి తల కొట్టుకుంటాడు. తలుపు ముందు మాత్రం పాత మట్టం వదిలేద్దామన్న సూచన వచ్చింది. అది గదిలో ఒక గుంటను మిగల్చడమే. ఊతకర్రలు పెట్టి, పైగోడ బరువును మోయించి, పాత లింటెల్ (తలుపు పైన గోడను మోసే దూలం) తీసి 300 మి.మీ. పైన కొత్తది పోశాం. మొత్తం పనిలో ఇంజనీరు పక్కనే నిలబడి చేయించాల్సిన భాగం ఇదొక్కటే. ఖర్చుకు వెనుకాడి దీన్ని తప్పించాలనుకునేవారు నేలను లేపే ఆలోచనే మానుకోవడం మేలు. బయట దిగుడు ఇప్పుడు 450 మి.మీ. అయింది గనుక పెరటి గోడ వెంట 5.4 మీటర్ల వాలుదారి, పైన 1.5 మీటర్ల చదును, ఒక పక్క చేతిపట్టు కట్టాం. లోపల చోటు లేని వాలుదారికి బయట చోటు దొరికింది.

దేనితో నింపాలి

కాంక్రీటుతో నింపేద్దామన్నది మేస్త్రి మొదటి మాట. లెక్క వేసి చూపించాం. 22.7 చదరపు మీటర్లలో 280 మి.మీ. మందం అంటే 6.3 ఘనపు మీటర్లకు పైనే. ఘనపు మీటరుకు 2400 కిలోల చొప్పున 15 టన్నులు. హాలు నేల పునాది మట్టి మీదే ఆనుకుని ఉంది కాబట్టి వెంటనే కూలిపోయేదేమీ ఉండదు. అయితే ఎప్పుడో నింపిన పాత మట్టి ఆ బరువుకు అక్కడక్కడా కుంగుతుంది, పై మట్టంతో కలిసే చోట పగులు తప్పదు. ఇదే పని మేడ మీద అయితే అసలు ఆలోచించకూడదు. ఇళ్లలో మనుషుల, సామాన్ల బరువు కోసం స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోలకు అటూ ఇటూ లెక్కకట్టి కడతారు. ఈ నింపుడు ఒక్కటే 670 కిలోలు.

మేం ఎంచుకున్న పొరలు ఇవి: పాత టైల్స్ మీద తేమ నిరోధక షీటు, దాని మీద గట్టి రకం థర్మకోల్ దిమ్మలు 215 మి.మీ., వాటి మీద జాలీ వేసిన సిమెంటు స్క్రీడ్ (నేలను సమం చేసే సిమెంటు, ఇసుక పొర) 65 మి.మీ., పైన జిగురుతో కలిపి 20 మి.మీ. చెక్క. మొత్తం 300. చదరపు మీటరుకు బరువు 150 కిలోల దగ్గర తేలింది. స్క్రీడ్ చుట్టూ గోడల వెంట 10 మి.మీ. ఫోమ్ పట్టీ పెట్టాం. చెదపురుగులు థర్మకోల్‌ను కూడా తొలుచుకుపోతాయి గనుక పాత నేల అంచుల వెంట చెద నివారణ ముందే చేయించాం. కింద నుంచి తేమ వస్తోందా అని చూడడానికి పాత నేల మీద ప్లాస్టిక్ షీటు అన్ని అంచులా అతికించి వదిలేసి, తర్వాత విప్పి చూశాం. చెమ్మ కనిపించలేదు. కనిపించి ఉంటే ఈ పని అక్కడే ఆపేవాళ్లం.

కొలతలన్నీ భోజనాల గది టేకు నేల పైతలం నుంచి తీసుకున్నాం. స్లాబు నుంచి కాదు. ఆ పాత నేల కూడా చదునుగా లేదు. హాలు అంచు వెంట ఒక కొస నుంచి మరో కొసకు 8 మి.మీ. వాలు ఉందని లేజరు చూపించింది, మేస్త్రి నీళ్ల గొట్టంతో సరిచూసినా అదే తేలింది. రెండు నేలలూ కలిసి కనిపించేది 1.2 మీటర్ల దారి దగ్గర మాత్రమే. అక్కడ కచ్చితంగా కలిసేలా కొత్త మట్టం పెట్టుకున్నాం, మిగతా తేడా పిట్టగోడ అడుగున ఎవరికీ కనబడకుండా పోయింది. గోడ తీసేసి ఉంటే ఆ 8 మి.మీ. గది మధ్యలో బయటపడి ఉండేది.

పిట్టగోడ: అడ్డు ఎవరిది?

గోడ తీసేయాలనడానికి వాళ్లు చెప్పిన కారణం ఒక్కటే: "హాల్లో కూర్చుంటే ఇంట్లో ఏం జరుగుతోందో కనబడదండీ." గోడ భోజనాల గది వైపు నుంచి 750 మి.మీ. ఎత్తు. హాలు వైపు నుంచి కొలిస్తే 1050. సోఫాలో కూర్చున్న మనిషి కంటి ఎత్తు దాదాపు 1050 నుంచి 1100 మి.మీ. అంటే కన్ను సరిగ్గా గోడ అంచు దగ్గర ఉంది. చూపుకు అడ్డుపడింది గోడ అనిపించినా, నిజానికి అడ్డు పల్లానిది. నేల లేపగానే అదే గోడ రెండు వైపులా 750 అయింది, కన్ను దానికన్నా కనీసం 300 మి.మీ. పైకి వచ్చింది.

మాటలతో ఇది ఎవరికీ నమ్మకం కలిగించదు. థర్మకోల్ దిమ్మలు పరిచాక వాటి మీద పలకలు వేసి, కుర్చీలు పెట్టి, ఇంటివాళ్లను కూర్చోమన్నాం. ఆ సాయంత్రమే గోడ తీసేయాలన్న కోరిక సగం తగ్గింది. గోడ ఎత్తు నిర్ణయించే ముందు ఎవరైనా ఇలా కూర్చుని చూడాలి, నిలబడి చూస్తే ఏ పిట్టగోడా అడ్డు అనిపించదు.

తర్వాత ప్రశ్న: ఇప్పుడు పల్లం లేదు, దిగుడు లేదు, మరి గోడ దేనికి? మూడు పనులు కనిపించాయి. పెద్దావిడకు భోజనాల బల్ల నుంచి హాలు దాకా చేయి ఆనించే చోటు. హాల్లో కూర్చున్నవారికి బల్ల మీది చిందరవందర కనబడకుండా చాటు. సోఫా వీపుకు ఆనుడు. చేతి ఆసరాకు 750 తక్కువ, వంగాల్సి వస్తుంది. 850 నుంచి 900 మధ్య సరిపోతుంది. కాబట్టి గోడను కూల్చకపోగా 150 మి.మీ. పెంచాం. 900 అయ్యాక కూడా సోఫాలోంచి చూపు పైనుంచే పోతుంది, 750 ఎత్తు బల్ల మాత్రం చాటవుతుంది. తీసేయమని వచ్చిన గోడను పెంచి ఇవ్వడం విచిత్రంగా అనిపించవచ్చు, కాని వాళ్లు అడిగింది చూపు. అది వాళ్లకు దక్కింది.

పొడవు తగ్గించాల్సి వచ్చింది. చక్రాల కుర్చీ తిరగడానికి, సామాన్లు తీసుకెళ్లడానికి 1.2 మీటర్ల దారి ఇరుకు. దారి వైపు గోడను 600 మి.మీ. కోసి 1.8 మీటర్లు చేశాం. కలిసే అంచు ఆ మేరకు పెరిగినా, మట్టం తేడా అక్కడ మిల్లీమీటరున్నరకు మించలేదు, చెక్కను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు సర్దుకుంది.

ఇక బలం. పిట్టగోడ అంటే పైన పట్టు లేకుండా నేలలోంచి నిలబడిన పలక. 115 మి.మీ. ఇటుక గోడ పైన ఏ పట్టీ లేకపోతే పక్కకు తోసే బలానికి చాలా తక్కువ నిలుస్తుంది. ఈ గోడ కొసను చేత్తో తోస్తే సన్నగా కదిలేది. అమెరికా నిర్మాణ నియమావళుల్లో రక్షణ గోడ పైఅంచు ఒక చోట దాదాపు 90 కిలోల తోపుడును తట్టుకోవాలని ఉంటుంది. ఇక్కడ ఇది రక్షణ గోడ కాకపోయినా ఒక పెద్ద మనిషి ఒళ్లంతా ఆనించే గోడ, కాబట్టి అదే లెక్క పాటించాం. కొసన స్లాబులోకి బోల్టులతో బిగించిన ఇనుప స్తంభం, పైన 110 మి.మీ. ఎత్తు కాంక్రీటు పట్టీ, అందులోని కమ్ములు ఒకవైపు స్తంభానికి, మరోవైపు పెద్ద గోడకు కట్టాం. దాని మీద 40 మి.మీ. చెక్క పలక. 110, 40 కలిపి పెంచాల్సిన 150.

చెక్క

ఇంటావిడ కోరిక రెండు గదులూ ఒకే రంగులో ఉండాలని. పాత టేకు ఏళ్ల వెలుగుకు స్థిరపడి తేనె రంగు తేలింది, దాని మీద నూనె ఆధారిత వార్నిష్ పసుపెక్కింది. కొత్త టేకు కోసినప్పుడు రంగు ఎగుడుదిగుడుగా, అక్కడక్కడా ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది, వెలుగు తగులుతూ ఉంటే సర్దుకుంటుంది. ఇవాళ కొత్తదానికి రంగు పూసి పాతదానితో కలిపితే, కొత్త చెక్క తన దారిన ముదిరి కొన్నాళ్లకు పాతదానికన్నా నల్లబడుతుంది. అందుకే రంగు వద్దన్నాను. పాత నేలను గరుకు కాగితంతో వార్నిష్ పోయేదాకా రుద్ది, కొత్తదానితో కలిపి ఒకే మెరుగు ఒకేసారి పట్టిద్దామన్నాం. పాత పలకలు 20 మి.మీ. గట్టి చెక్క, నాలుక అతుకు (ఒక పలక అంచు పక్క పలక గాడిలో దూరే చోటు) పైన ఇంకా తగినంత మందం ఉంది. అదే పైన అతికించిన పలుచని చెక్కపొర (వినీరు) అయితే ఈ పని చేయలేం, ఒక్క రుద్దుకే అడుగు బయటపడుతుంది.

అయినా రెండూ అచ్చంగా కలవవని ముందే చెప్పి, కలిసే చోట అడ్డంగా ఒక ముదురు చెక్క పట్టీ వేయమన్నాను. దీనికి అందం ఒక్కటే కారణం కాదు. ఒక పక్క చెక్క, నేల కింది పాత చెక్క దిమ్మెల మీద మేకులతో ఉంది, మరో పక్క థర్మకోల్ మీద తేలే స్క్రీడ్‌కు అతికి ఉంది. రెండూ ఒకేలా కదలవు. కాబట్టి అక్కడ కదలికకు జాగా కావాల్సిందే. ఆ జాగాను పట్టీ కప్పింది, రంగు తేడా కావాలని చేసినట్లుగా కుదిరింది.

గొడవ వచ్చింది ఎండే సమయం దగ్గర. సిమెంటు స్క్రీడ్ మొదటి 50 మి.మీ.కు మిల్లీమీటరుకు ఒక రోజు, ఆపైన మిల్లీమీటరుకు రెండు రోజుల చొప్పున ఆరుతుందని స్థూల లెక్క. 65 మి.మీ.కు 80 రోజులు. పైన పొడిగా కనబడుతోంది, చెక్క వేసేద్దామని వడ్రంగి పట్టుబట్టాడు. స్క్రీడ్ మీద పెట్టిన సాపేక్ష తేమ కొలత 75 శాతం లోపుకు వచ్చేదాకా నేను కదలనివ్వలేదు. తడి స్క్రీడ్ మీద వేసిన చెక్క కింద నుంచి ఉబ్బి, అంచులు లేచి, దోనెల్లా వంపు తిరుగుతుంది. ఆ తర్వాత తీసి పారేయడం తప్ప మందు లేదు. ఈలోపు కొత్త పలకలను అదే గదిలో గాలి ఆడేలా పేర్చి ఉంచాం, గది తేమకు అలవాటుపడాలని. గోడల వెంట 12 మి.మీ. ఖాళీ వదిలి, దాన్ని స్కర్టింగ్‌తో కప్పాం.

మెరుగు ఎంపికలో మూడు చోట్లకు మూడు వేర్వేరు సమాధానాలు వచ్చాయి. నేలకు హార్డ్‌వ్యాక్స్ ఆయిల్ (మైనం కలిపిన, చెక్కలోకి ఇంకే నూనె), మెరుపు తక్కువ రకం. చెక్క మీద గట్టి పొరలా నిలిచే పాలీయురెథేన్ వార్నిష్ దీనికన్నా గీతలకు గట్టిగా ఆగుతుంది, కాని అరిగిన చోట ఒక్క మచ్చను బాగుచేయడం కుదరదు, గది మొత్తం రుద్దాలి. ఆయిల్ అయితే అరిగినంత మేర రుద్ది మళ్లీ పూయవచ్చు. మెరిసే నేలకు నేను ఎప్పుడూ వ్యతిరేకినే. పెద్ద కిటికీ వెలుగు దాని మీద తళుక్కుమని కొడుతుంది, చూపు మందగించినవాళ్లకు అది తడిలా కనబడి అడుగు తడబడుతుంది.

పిట్టగోడ పైపలకకు మాత్రం నీటి ఆధారిత పాలీయురెథేన్, మెరుపు లేనిది, మూడు పూతలు. అక్కడ చెమట చేతులు, వేడి గ్లాసులు, తడి గిన్నెలు రోజూ తగులుతాయి, పొరలా కాపాడే పూత కావాలి. పలక అడుగున కూడా పూత వేయించాం. పైన మాత్రమే వేస్తే అడుగు తేమ పీల్చి పలక వంగుతుంది. 180 మి.మీ. వెడల్పు టేకు పలకలో తేమ నాలుగు శాతం మారితే వెడల్పు మిల్లీమీటరుకు కొంచెం పైన మారుతుంది. అందుకే స్క్రూ రంధ్రాలను కోలగా తొలిచి బిగించాం.

పాత తలుపుల మీద పూత ఏమిటో ఎవరికీ తెలియదు. కనబడని మూల స్పిరిట్ అద్దిన గుడ్డతో రుద్దితే జిగటగా కరిగింది, అంటే లక్క పాలిష్. దాని మీద నేరుగా పాలీయురెథేన్ వేస్తే, లక్కలోని మైనం వల్ల పట్టు చిక్కక పొరలు లేస్తుంది. తలుపులను చెక్క దాకా గీకే అవసరమే లేదు. మురికి తీసి, పల్చగా లక్క పాలిష్ మళ్లీ పట్టించాం.

నమూనాలు కార్డు మీద చూపించలేదు. మిగిలిన టేకు ముక్కల మీదే పూసి నేల మీద పరిచి, పగటి వెలుగులోనూ రాత్రి దీపాల కిందా చూపించాం. ఆయిల్ పని జరుగుతున్నన్నాళ్లూ ఒక విషయంలో కఠినంగా ఉన్నాను: నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయనివ్వలేదు. ఆరే నూనెలు గాలితో కలిసి వేడెక్కి, ఉండచుట్టిన గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. నీళ్ల బకెట్టులో ముంచి, తర్వాత బయట విడివిడిగా ఆరేయించాం.

చేరాక

పొడి కాలం, తడి కాలం రెండూ గడిచాక వెళ్లి చూశాను. కలిసే పట్టీ పక్కన సన్నని సందు కాలాన్ని బట్టి తెరుచుకుని మూసుకుంటోంది, అది అనుకున్నదే. గోడ కొస ఇప్పుడు కదలడం లేదు. పైపలక మీద మచ్చలు లేవు. పెరటి తలుపు దగ్గర, బూట్ల దుమ్ము తగిలేచోట ఆయిల్ పల్చబడింది. అక్కడ మాత్రమే రుద్ది మళ్లీ పూయించాం, సాయంత్రానికి అయిపోయింది.

ఒక తేడా మిగిలింది, అది శబ్దం. పాత గదిలో నడిస్తే దిమ్మెల కింది ఖాళీ వల్ల బోలుగా మోగుతుంది, కొత్త గదిలో అడుగు బరువుగా, మూగగా వినిపిస్తుంది. ఇంటావిడ దీన్ని అడిగారు. పాత నేల విప్పి దిమ్మెల మధ్య ఖనిజ ఉన్ని (శబ్దాన్ని పీల్చే పీచు) నింపితే బోలు తగ్గుతుంది, కాని అందుకోసం నాలుక అతుకుల పాత పలకలను విప్పితే కొన్ని విరుగుతాయి. ఆ నేలకు వేరే కారణంతో ఎప్పుడైనా మరమ్మతు వచ్చినప్పుడు ఆ పని కూడా కలిపి చేద్దామని చెప్పాను.